గోడౌన్‌లో ఎవరి వడ్లు

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ చెప్పబట్టి పంతొమ్మిదేళ్లు. బ్యాలెన్స్ షీట్ చదవడం పిల్లలకు నేర్పే నేనే దాన్ని సరిగ్గా చదవలేదని ఆళ్లగడ్డలో ఒక మిల్లుకు సీలు పడ్డాక తెలిసింది. తెలిసిందనడం కూడా అబద్ధమే. తెలిసే కళ్లు మూసుకున్నాను.

ఆ మిల్లు మా పెదనాన్న కొడుకుది. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపిన అన్న. బ్యాంకులో అప్పు పెంచుకోవాలి, జామీను సంతకం కావాలని ఒక ఆదివారం మహానంది అరటిగెలతో సహా మా ఇంటికి వచ్చాడు. లెక్కలు చూడందే పెట్టనన్నాను. అంత తెలివైనదాన్ని మరి.

చూశాను. ఏడాదిలోగా సొమ్మయ్యే ఆస్తిని ఏడాదిలోగా తీర్చాల్సిన బాకీలతో భాగిస్తే కరెంట్ రేషియో. రెండుంటే క్షేమమని మా పుస్తకాల మాట. అన్నకు రెండున్నర వచ్చింది. అదే ఆస్తిలోంచి సరుకు తీసేసి మళ్లీ భాగిస్తే క్విక్ రేషియో. అది అర కూడా రాలేదు. అంటే ఉన్నదంతా గోడౌన్‌లో వడ్లే. పరీక్షలో ఇలాంటి లెక్క ఇచ్చినప్పుడు, సరుకును అనుమానించాలని రాయని పిల్లలకు నేను మార్కులు కోస్తాను.

అదే అన్నను అడిగితే నవ్వాడు.

"వడ్లంటే దుడ్లే గదమ్మా ఈడ. ఎప్పుడంటే అప్పుడు అమ్ముడుబోతాయి."

నిజమే కదా అనిపించింది. మర్నాడు ఆళ్లగడ్డ పోయి గోడౌన్ చూశాను. నేల నుంచి రేకుల దాకా బస్తాలు. కాగితంలో ఉన్నన్నీ ఉన్నాయి. ఎన్ని అని లెక్కపెట్టానే గాని ఎవరివి అని అడగలేదు. మా వైపు కోతలప్పుడు ధర లేకపోతే రైతులు వడ్లు మిల్లులోనే పెట్టి పోతారు. బాడుగ ఉండదు, రాతకోతలు ఉండవు. ధర వచ్చినప్పుడు వచ్చి అమ్ముకుంటారు. నేను శిరివెళ్ల దగ్గర రైతు బిడ్డను, పుట్టినప్పటి నుంచి చూస్తున్న పద్ధతి అది. చేతిలో బ్యాలెన్స్ షీట్ ఉంటే నాకు అది గుర్తే రాలేదు. సరుకు జాబితాతో సహా జామీను కాగితాల్లో ప్రతి పేజీకీ సంతకం చేశాను.

ఏడాది తిరక్కముందే మిల్లు మునిగింది. బ్యాంకు వాళ్లు గోడౌన్‌కు సీలు వేశారు. గేటు దగ్గర గుమిగూడిన రైతుల్లో మా నాయన కూడా ఉన్నాడు. ఆయన రెండు పంటల వడ్లు లోపలే ఉన్నాయి. వచ్చే ఏడాది సేద్యమంతా వాటి మీదే. నేను లెక్కపెట్టిన బస్తాల్లో ఆయనవీ ఉన్నాయని నాకు అప్పుడు వెలిగింది.

నేరుగా అన్న ఇంటికి పోయాను. నాయన వడ్లు కూడా నీవేనని చూపించావా అని అడిగాను.

"అందరివీ సూపించినా. సిన్నాయనవి మాత్రం ఎట్ల ఇడిసిపెడతా? రేషియో బాగుండాదని నువ్వే అంటివి గదమ్మా," అన్నాడు.

ముఖంలో ఏ మార్పూ లేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ నా ఎదురుగా కూర్చుని లెక్కలు చూపిస్తే నేను బాగున్నాయని మెచ్చుకున్నాను. ఒళ్లు మండింది. ఊళ్లో ఇంతమంది ఉండగా వాడికి అడ్డం పెట్టుకోవడానికి నా చదువే దొరికింది.

మరుసటి రోజు నాయన నన్ను బ్యాంకుకు తీసుకుపోయాడు. చదువుకున్నదానివి, అవి మన వడ్లని నువ్వు చెబితే వింటారు అన్నాడు. ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను. అక్కడ ఆఫీసరు మా మాట పూర్తిగా విని, ఫైలు తీసి, సరుకంతా మిల్లుదేనని రాసి ఉన్న పేజీ మా ముందు పెట్టాడు. నాయనకు చదువు రాదు, నా సంతకం మాత్రం గుర్తుపడతాడు.

"ఇది నీదేనా పాపా?"

"నాదే నాయనా."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. బస్టాండు దాకా నా కంటే ముందు నడిచాడు.

వడ్ల వ్యవహారం కోర్టులో ఉంది. జామీను ఉన్నందుకు నా జీతంలో కోత పడుతోంది. నాయన అన్న పేరు వింటే నోటికొచ్చినట్టు తిడతాడు. నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ఈసారి పంట కళ్లంలోనే వచ్చిన ధరకు అమ్మేశాడని నాకు అమ్మ చెప్పింది.