నన్ను కలిపినవా?

ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. కల్పించడమే చేతనైతే నన్ను నేను ఇంత వెర్రివాడిగా చూపించుకుంటానా? జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వేవాళ్ళు ఆఖర్న నవ్వండి.

తొంభైల మొదట్లో మాట. ఒమన్‌లో నిజ్వా దాటాక, కొండల మధ్య మా కంపెనీ రోడ్డు వేస్తోంది. క్యాంపులో నాది క్లర్కు డ్యూటీ. వచ్చిన కొత్తలో నేనూ సైట్‌లో పార పట్టినవాణ్ణే. జగిత్యాలలో టైపు నేర్చుకున్నానని తెలిసి, సత్తన్న నన్ను ఎండలోంచి లాగి ఆఫీసులో కూర్చోబెట్టాడు. సత్తన్నది మా పక్క ఊరు. స్టోరు చూసేవాడు. ఇద్దరిదీ ఒకే రూమ్. ఒకే కంచంలో తిన్నాం. నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చింది కూడా అతనే. అంత మనిషి.

ఆఫీసంటే ఒక రేకుల కేబిన్. అందులో ఒక కంప్యూటర్. నల్లటి స్క్రీన్ మీద పచ్చటి అక్షరాలు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో మనిషికి ఒక్కో వరస... పేరు, రూమ్ నంబర్, పక్కన ఒకటి అంకె. అన్ని పేర్ల కిందా చుక్కల్లాంటి గీత. గీత కింద మొత్తం. ఆ మొత్తమే కిచెన్‌కు చీటీగా వెళ్ళేది. మరునాడు సైట్‌కు అన్ని భోజనం ప్యాకెట్లే కట్టేవాళ్ళు.

సత్తన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. "కొత్తోడు వస్తే గీత మీద కర్సర్ వెట్టు తమ్మీ. ఒక వరస జొప్పియ్యి. గీత కిందికి జరుగుతది, లెక్క గూడ దానెంబడే పోతది. లెక్క గీత దాకా ఉన్నన్ని రోజులు నీకు రంది లేదు. ఫార్ములా జోలికి మాత్రం పోకు. అది చెడిపోతే మన నెత్తి మీదికొస్తది."

నేను పోలేదు. గర్భగుడి తలుపు తాకనట్టే తాకలేదు.

ఆ వేసవిలో నిజామాబాద్ వైపు నుంచి ఎనిమిది మంది కొత్తవాళ్ళు దిగారు. ఎనిమిది వరసలు చేర్చాను. మరునాడు మధ్యాహ్నం సైట్‌లో ఎనిమిది ప్యాకెట్లు తక్కువ. ఆ పై రోజూ అంతే. పేర్లు మళ్ళీ మళ్ళీ చూశాను. అన్నీ ఉన్నాయి. ఎవరికి చెప్పుకుంటాను? సత్తన్నకే చెప్పాను.

"ఆ వంటోళ్ళని నమ్మకు తమ్మీ," అన్నాడు, నా వీపు నిమురుతూ. "వాళ్ళే ఏదో జేస్తున్నరు."

నమ్మాను. వంటవాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాను. క్యాంప్ బాస్ ఖాదర్ భాయ్‌ది కడప. ఆయన కేబిన్‌లోకి వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"ఏం మియా! ఎనిమిది మంది ఎండలో పస్తుండారు. ఇంగోసారి ఇట్లయితే నిన్ను సైట్‌కు తోలేస్తా. పార పట్టుకోవల్ల నువ్వు!"

ఆ రాత్రి నేనొక్కణ్ణే కేబిన్‌లో కూర్చున్నాను. సత్తన్న లేడు. ఇండియా నుంచి బామ్మర్ది దిగుతున్నాడని మస్కట్ పక్కన రూవికి వెళ్ళాడు. తెల్లారితే చీటీ పంపాలి. తప్పు దొరక్కపోతే మళ్ళీ ఎండ, మళ్ళీ పార. అరచేతుల్లో పాత కాయలు అప్పుడే సలుపుతున్నట్టు ఉంది. ఏసీ మోతకు తల పగిలిపోతుంటే ఆపేశాను. దూరంగా జనరేటర్ గుర్రుమంటోంది. అంతే... ఇంకే చప్పుడూ లేదు.

అప్పుడు వినిపించింది.

కంకర మీద అడుగులు. కర్... కర్... కర్...

రూమ్‌ల వైపు నుంచి కాదు. వెనక కొండ వైపు నుంచి. అటు దారే లేదు! అడుగులు తీరిగ్గా కేబిన్ చుట్టూ తిరిగి వచ్చాయి. తలుపు ముందు ఆగాయి. తలుపు కొడతారేమోనని చూశాను. కొట్టలేదు. రేకు మీద ఏదో ఆనిన చప్పుడు... అలిసిపోయిన మనిషి నుదురు ఆనించినట్టు.

"అన్నా..."

తెలుగు. మా వైపు తెలుగు.

"అన్నా... నన్ను కలిపినవా?"

భయంలో మనిషి ఏం మాట్లాడతాడో చూడండి, "రూమ్ నంబర్ ఎంత?" అన్నాను! క్లర్కు బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మళ్ళీ అదే మాట. అదే గొంతు. కోపం లేదు, ఏడుపు లేదు.

"నన్ను కలిపినవా?"

"కలుపుతున్నా... కలుపుతున్నా," అన్నాను. ఎట్లాగైనా పంపించేస్తే చాలు. గీత మీద కర్సర్ పెట్టి ఒక వరస చేర్చాను. పేరు తెలియదు, ఖాళీగా వదిలాను. పక్కన ఒకటి కొట్టాను. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేలోపే...

"కలువలే," అంది బయటి గొంతు.

తలుపు మూసి ఉంది. కిటికీకి అట్ట కొట్టి ఉంది. స్క్రీన్ గోడ వైపు తిరిగి ఉంది. నేను మొత్తం వైపు చూశాను. నిజమే... అంకె కదల్లేదు. ఒకటి కూడా పెరగలేదు.

కర్సర్‌ను మొత్తం మీదికి తీసుకుపోయాను. మొదటిసారి ఫార్ములా చదివాను. లెక్క గీత దాకా లేదు. పాతవాళ్ళ ఆఖరి పేరు దగ్గరే ఆగిపోయింది. గీతకు పైన ఎంతమందిని చేర్చినా బయటే ఉండిపోతారు. అది దానంతట అది చెడదు. ఎవరో కూర్చుని మార్చాలి. ఆ కంప్యూటర్ ముట్టేవాళ్ళు క్యాంపులో ఇద్దరమే.

అప్పుడు బయట ఉన్నవాడంటే భయం కూడా పోయింది. పక్కలో బల్లెం పెట్టుకుని ఇన్నాళ్ళు నిద్రపోయానా?

గీత దాకా మార్చాను. మొత్తం ఒక్కసారిగా తొమ్మిది పెరిగింది... ఎనిమిది మంది, ఇంకా పేరు లేని ఆ ఒక్కడు. బయట పెద్ద నిట్టూర్పు. తరవాత కంకర మీద అడుగులు. కర్... కర్... వచ్చిన వైపే, కొండ వైపే పోయాయి. తెల్లారి అజాన్ వినిపించేదాకా నేను తలుపు తీయలేదు.

ఆ కంగారులో ఖాళీ వరస తీసేయడం మరిచి చీటీ పంపేశాను. ఆ రోజు ప్యాకెట్లు అందరికీ సరిపోయాయి. ఒకటి మిగలాలి కదా? మిగల్లేదు. ఆకలి మీదున్న ఎవడో రెండు తిని ఉండొచ్చు. కొత్తవాళ్ళు ఎనిమిది మందినీ విడివిడిగా అడిగాను. రాత్రి గడప దాటలేదన్నారు.

మధ్యాహ్నం సత్తన్న దిగాడు, వెంట బామ్మర్ది. ఇస్త్రీ చొక్కా, చేతిలో కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్. అది చూశాక అడగాల్సిన పని లేదు. అయినా అడిగాను.

"లెక్క ఎందుకు తెంపినవ్ సత్తన్నా?"

కాదంటాడని ఆశ పడ్డాను. ఒక్క అబద్ధం చెప్పినా పట్టుకుని వేలాడేవాణ్ణి. చెప్పలేదు.

"ఏం జెయ్యమంటవ్ తమ్మీ. ఇంట్ల పోరు. వీడు ఎండల ఆగలేడు. నువ్వంటే కష్టానికి అలవాటు వడ్డోనివి."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే... అదీ నా సంగతి. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగాను. "రాత్రి కేబిన్ కాడికి ఎవర్నన్న పంపినవా?"

సత్తన్న ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "కలిపినవా... అని అడిగిండా?"

ఆ మాట నేనింకా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"నేను మార్చిన రాత్రి నన్ను గూడ అడిగిండు," అన్నాడు. "కలిపినవా అన్నడు, నన్నెందుకు దీసేసినవ్ అన్నడు. తలుపు తీస్తే ఎవ్వలు లేరు తమ్మీ."

అతనే ఎవరినో పంపి బెదిరించాడా? తన మోసం తనే ఎందుకు బయటపెట్టుకుంటాడు? లేక నిజంగానే విన్నాడా? విన్నవాళ్ళం ఈ లోకంలో మేమిద్దరమే. వారం కిందటైతే అతని మాట కళ్ళు మూసుకుని నమ్మేవాణ్ణి.

"నీ మీద ఒట్టు తమ్మీ," అంటూ నా తల మీద చెయ్యి పెట్టాడు.

నేను దాన్ని తీసేశాను.