ప్రభువు బల్ల మీద ముస్టాంగ్ ద్రాక్ష

టెక్సాస్‌లోని మా కాపెల్ ఊళ్ళో వాగు పక్కన చెట్లకి అల్లుకుని ఒక ద్రాక్ష కాస్తుంది. ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు. ఇక్కడి నేలలో పుట్టిన తీగ, పేరు ముస్టాంగ్. ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది. ఎండాకాలం నడిమికి కాయలు నల్లబడతాయి. నోరూరి ఒకటి నోట్లో వేసుకున్నామా, అయిపోయామే! పళ్ళు జివ్వుమంటాయి, తొక్క తగిలినచోట పెదవి మండుతుంది. పాతకాలం టెక్సాస్ వాళ్ళు మాత్రం బోలెడు చక్కెర పోసి దాంతో ఇంట్లోనే ఎర్రటి వైన్ చేసుకునేవారట.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక ఆంటీ ఉంది. భీమవరం దగ్గర ఆవిడ పుట్టిన ఊళ్ళో, చర్చిలో ప్రభువు బల్లకి, అంటే యేసు ఆఖరి విందుని తలుచుకుంటూ రొట్టె, రసం పంచుకునే ఆరాధనకి వాడే ద్రాక్షారసం వాళ్ళింటి జాడీల్లోనే తయారయ్యేది. ఇక్కడ దుకాణంలో కొన్న జ్యూస్ పోస్తున్నారని ఆవిడకి ఎప్పట్నుంచో బాధ. పోయిన వేసవిలో నన్ను వెంటబెట్టుకుని వాగు గట్టుకి వెళ్ళింది. గ్లవ్స్ వేసుకోమంటే వింటేనా! ఉత్త చేతులతో కోసి, ఉత్త చేతులతోనే పిసికింది. అరచేతులు పొక్కిపోయి కొన్నాళ్ళు చెంచాతో అన్నం తింది. అయినా జాడీ నింపి, చక్కెర, లవంగాలు వేసి, మూతికి గుడ్డ కట్టి గరాజ్‌లో పెట్టింది. క్రిస్మస్‌కి వాళ్ళింట్లో తాగడానికే అనుకున్నాను.

మా ఆయన మందు మానేసి అప్పటికి కొన్నేళ్ళయింది. మానడమంటే మాటలు కాదు, ఆస్పత్రి దాకా వెళ్ళి వచ్చాం. ఒక్క చుక్క కూడా వద్దన్నాడు డాక్టరు. అంతకుముందు ఒకసారి మానేసి బాగానే ఉన్న మనిషిని, ఎవరిదో పెళ్ళిలో ఒక మహానుభావుడు "ఒక్క గుక్కే కదా బ్రదర్" అని కూర్చోబెట్టాడు. ఆ గుక్క ఆర్నెల్లు సాగింది. ఉద్యోగం పోయింది, నేను పిల్లల్ని తీసుకుని వేరే అపార్ట్‌మెంట్‌కి మారాను. ఇవేవీ సంఘంలో ఎవరికీ తెలియవు. విందుల్లో గ్లాసు పక్కన పెడితే షుగర్ ఉందేమో అనుకునేవారు. అనుకోనిచ్చాం.

నవంబరులో కోత పండుగ చేస్తాం. పెరట్లో కాసిన బీరకాయలు, గోంగూర ప్రథమ ఫలంగా, దేవుడికిచ్చే తొలి కాపుగా తెచ్చి ముందు పెడతారు, తర్వాత వేలం పాడతారు. ఆ రోజే ప్రభువు బల్ల కూడా. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటాం. మా ఆయన సంఘ పెద్దల్లో ఒకరు కాబట్టి మగవాళ్ళ వరసల్లో చిన్న కప్పుల ట్రే పట్టుకుని తిరగడం ఆయన పని. అందరూ కప్పు చేత్తో పట్టుకుని ఆగుతారు. పాస్టరయ్యగారు చెప్పాక ఒక్కసారే తాగాలి.

బల్ల మీద తెల్లగుడ్డ తీస్తుండగా పక్కన కూర్చున్న ఆంటీ నా చెవిలో చెప్పింది. "ఇవాళ పోసింది మన ద్రాక్షేనమ్మా. ప్రథమ ఫలం. అయ్యగారు ఒప్పుకున్నారు."

వేసవి నుంచి జాడీలో పులిసిన రసం, అంటే అసలు వైనే. మా ఆయన అప్పటికే ట్రే ఎత్తారు. ఫోను కార్‌లో వదిలేసి వస్తారాయన, మెసేజ్ పెడదామన్నా దారి లేదు. ప్రార్థన మధ్యలో లేచి మగవాళ్ళ వైపు పరిగెత్తనా? ఏమని చెప్పను? మా వరసకి వచ్చిన కప్పు తీసుకుని వాసన చూశాను. లవంగం, దాని కింద ఘాటుగా మందు. పెదవి తడి చేసుకున్నాను. ముందు పులుపు, తర్వాత తీపి, ఆ తర్వాత గొంతులో వేడి. ముసలావిడ చేతిలో అంత మహత్తు ఉంటుందని ఎవరనుకున్నారు తల్లీ! ఆ క్షణంలో ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

బల్ల తీసుకోకపోతే, అంటే ఆ కప్పు తాగకపోతే, మా సంఘంలో దాన్ని మామూలుగా వదిలేయరు. ఏదో పాపంలో ఉన్నాడంటారు, పెద్దరికం తీసేయమంటారు. తీసుకుంటే మా ఇల్లు మళ్ళీ మొదటికొస్తుంది. చివరి కప్పు చేత్తో పట్టుకుని ఆయన ముందు వరసలో నిలబడ్డారు. ముక్కు దగ్గరికి తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ప్రభువా, ఆ కప్పు కింద పడేయించు, నలుగురూ నవ్వినా పర్వాలేదు అని మొక్కుకున్నాను.

అయ్యగారు చెప్పారు. అందరూ తాగారు. మా ఆయన కప్పు తీసుకెళ్ళి నిండుగానే ట్రేలో పెట్టేశారు. పక్కనున్న పెద్దాయన చూశాడు. ఆంటీ కూడా చూసింది.

భోజనాల దగ్గర ఆవిడ తిన్నగా మా టేబుల్ దగ్గరికి వచ్చింది. చుట్టూ జనం పలావు తింటున్నారు. పొక్కులు మానినచోట ఆవిడ అరచేతుల మీద ఇంకా మచ్చలున్నాయి.

"ఏం బాబూ, నేను చేసింది బాగోలేదా? అలా పెట్టేశావు?"

షుగర్ అని చెబుదామని నేను నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి నొక్కి లేచి నిలబడ్డారు. మెల్లగానే అన్నారు గానీ పక్క టేబుల్ దాకా వినపడింది.

"వాసనకే తెలిసింది ఆంటీ, చాలా బాగా కుదిరిందని. నేను తాగుబోతుని. అంత బాగున్నది నాకు ఒక్క కప్పుతో సరిపోదు."