రంగు రాని గుంట

పదకొండేళ్లుగా ఒక పేరు నా గొంతులో ఇరుక్కుని ఉంది. మరియమ్మ. మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను గుంటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. మరియమ్మ వినుకొండ వైపు నుంచి వచ్చింది. మిరపకాయలకు తొడిమలు తీసే పని. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఏడాదిగా విరేచనాలు, చిక్కి సగమైంది. గోధుమ పడని పేగుజబ్బేమోనని డాక్టరుగారు ఒక యాంటీబాడీ పరీక్ష రాశారు.

పేగు గోడలో రక్షణ కణాలుంటాయి. ఏ యాంటీబాడీ ఎంత తయారు కావాలో, ఎప్పుడు ఆపాలో అవి ఒకదానికొకటి చెప్పుకుంటాయి. జబ్బుంటే ఆ యాంటీబాడీ రక్తంలో పెరిగి, చిన్న చిన్న గుంటలుండే పరీక్ష ప్లేటులో ఆ మనిషి రక్తం వేసిన గుంట చిక్కటి పసుపు రంగుకు తిరుగుతుంది. జబ్బు లేకపోయినా లేత ఛాయ ఉంటుంది. మరియమ్మ గుంటలో ఆ ఛాయ కూడా లేదు. ఎవరి రక్తమూ వేయకుండా వదిలిన గుంట ఎలా ఉందో అలాగే ఉంది. మనిషే లేనట్టు.

కొందరి కణాలు ఆ రకం యాంటీబాడీని అసలు తయారుచేయవు. అలాంటివాళ్లకు జబ్బున్నా ఈ పరీక్ష లేదనే చూపిస్తుంది, వేరే పరీక్ష చేయాలి. అది నాకు తెలుసు. కానీ అసలు ఆమె రక్తం వేయడమే మరిచిపోయానేమో అన్న అనుమానం కూడా ఉంది, ఎందుకంటే ఆ వారంలోనే ఒకసారి అలా మరిచిపోయి అందరి ముందూ తిట్లు తిన్నాను. మళ్లీ మా ల్యాబు పెద్ద దగ్గరికి వెళ్లి ఏమని చెప్పను? అది భయమా? పొగరా? ఇన్నేళ్లు తవ్వుకున్నా తేలలేదు. 'నెగటివ్' అని రాసి సంతకం పెట్టాను.

"ఏమొచ్చిందండీ?" అని అడిగింది మరియమ్మ.

"ఏం లేదమ్మా."

"అయితే చపాతీలు తినొచ్చాండీ? బలమంటన్నారు."

"తినండి."

ఆ తర్వాతి ఎండాకాలంలో ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. చనిపోయిందట. ఏవో కాగితాలకు రిపోర్టు నకలు కావాలన్నాడు.

"ఆఖరిదాకా చపాతీలే పెట్టామండీ, అన్నం అరగదేమోనని," అన్నాడు.

నకలు తీశాను. మళ్లీ సంతకం చేశాను. అతను దణ్ణం పెట్టి వెళ్లాడు.

అప్పటినుంచి కొన్ని రోజుల్లో ప్లేటులో రంగు రాని గుంట ఒకటి ఎక్కువ కనిపిస్తుంది. పట్టపగలు, పక్కన మనుషులుండగానే. పేర్లన్నీ సరిచూస్తాను. ఆ గుంటకు ఎవరి పేరూ ఉండదు. మళ్లీ చూసేసరికి అది ఉండదు.

ఆమె అందువల్లే పోయిందని నా దగ్గర రుజువు లేదు. కాదని చెప్పుకోవడానికీ లేదు. వినుకొండ బస్సు రెండుసార్లు ఎక్కి, కదలకముందే దిగిపోయాను.

ఆ రిపోర్టును నమ్మకూడదని తెలిసే సంతకం చేశాను. ఈ వాక్యం రాసి, పైకి చదువుకున్నాను. కొట్టెయ్యలేదు.