రాయి అన్నందుకు

మా బావ నన్ను మొదటిసారి "రాయి" అన్నది తన పెళ్లిపీటల మీదే. ఆయన జోకు అర్థంకాక నేను నవ్వలేదు. "మీ తమ్ముడు వట్టి రాయి" అని అక్క చెవిలో అన్నాడు. పక్కనే పంతులుగారి మైకు ఉండడంతో పందిరంతా విన్నది. ఆ పేరు నాతోపాటే ఇంగ్లండ్‌కి, నేనుండే రీడింగ్ ఊరి దాకా వచ్చింది. ఆయన అదే దేశంలో, కోవెంట్రీలో పెద్ద డాక్టరు. ఇంటికెవరొచ్చినా నన్ను పరిచయం చేసే తీరు ఒకటే: "మా బామ్మర్ది. రాయి. కానీ మంచి రాయి." నేనూ నవ్వేవాణ్ణి. పగలు మాత్రం రాత్రిళ్లు పెంచుకునేవాణ్ణి.

కిందటి వేసవిలో, బావకి ఆసుపత్రి డ్యూటీ లేని ఓ ఆదివారం, ముగ్గురం యార్క్‌షైర్‌లో మూర్ అని పిలిచే ఒక బీడుగుట్ట ఎక్కాం. గాలీ, ఊదారంగు పొదలూ తప్ప ఏమీ లేని ఆ ఎత్తు మీద కారంత బండ ఒకటి, ఓ పక్క నేలలోకి వాలి ఉంది. దాని మీద రాత పుట్టకముందు మనుషులెవరో తొలిచిన గుంటలు, వాటి చుట్టూ ఉంగరాల్లాంటి గీతలు.

"వామనగుంటలు," అన్నాడు బావ. "మనవాళ్లు ఇక్కడికీ వచ్చేశారన్నమాట."

"రెండు వరుసల్లో లేవు కదండీ," అంది అక్క.

"వీళ్లకి వరుసలేం తెలుసే? అందరూ అంకుళ్లూ ఆంటీలేగా."

బండెక్కి చతికిలబడ్డాడు. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని గుంటల్లో గులకరాళ్లు పంచసాగాడు. ఆయన కూర్చున్నచోట ఇంగ్లిష్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఈ మూర్‌ని ప్రేమించిన ఎవరికో స్మారకం. నేను ముందే చూశాను. చెప్పబోయాను కూడా.

"రారా రాయీ, రాళ్లాట నేర్పిస్తా," అన్నాడు.

నోరు మూసుకున్నాను.

కుక్కతో ఒక ముసలామె వచ్చింది. కాసేపు చూసి, చాలా మర్యాదగా, "క్షమించాలి, మీరు మా తాతగారి మీద కూర్చున్నారు," అంది ఇంగ్లిష్‌లో.

బావ దిగ్గున లేచాడు. ఫ్లాస్కు దొర్లి, టీ ఆ పేరులోని ఒక్కో అక్షరంలోకీ తీరిగ్గా పారింది. రోగుల చుట్టాలకి ఎన్ని కష్టమైన సంగతులు చెప్పిన నోరో, "సారీ" దగ్గరే ఆగిపోయింది. నావైపు తిరిగాడు.

"ఏదో ఒకటి చెప్పరా."

"నేనా? రాయిని కదా బావా."

అక్క శాలువాతో అక్షరాలు తుడిచింది. "పర్లేదు, ఆయనకి టీ ఇష్టమే," అంది ముసలామె. బావ చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

కారు కోవెంట్రీ దగ్గరపడింది. నేను పత్రికలకి అవీ ఇవీ పంపుతుంటానని బావకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఒరేయ్, ఇది మాత్రం ఎక్కడా రాయకు."

"ఇన్నేళ్లూ రాయి, రాయి అన్నది నువ్వే కదా బావా," అన్నాను.