మొర్రి చెట్ల మీద నా నివేదిక

మొన్న మా గచ్చిబౌలి అపార్ట్‌మెంటు సంఘం పెద్దలు జీవవైవిధ్యం పేరుతో, ఒకే చెట్టు కొమ్మలతో కట్టిన, జన్యువుల్లో రవ్వంత తేడా లేని అంటు మొక్కలను వరసగా నాటించి ఫొటోలకు నవ్వుతుంటే, ఆ తెలివితేటలు భరించలేక లోపలికి వచ్చేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కొత్తగూడ దాటితే అన్నీ రాతి గుట్టలే. ఆ బండల సందుల్లో మొర్రి చెట్లుండేవి, వాటి గింజలోని పలుకే మనం పాయసంలో వేసుకునే సారపప్పు. ఆ చెట్ల మధ్య జన్యువుల తేడా ఎంతో తేల్చడం నా డాక్టరేటు పరిశోధన. లేత ఆకులను ఐసులో పెట్టి తెచ్చి, నూరి, ఆ రసాన్ని జిగురు పలకలో పోసి కరెంటు పారించి రంగు వేస్తే, ఎంజైములు చారలుగా తేలేవి. చారలు వేరైతే చెట్ల జన్యువులూ వేరన్నమాట.

గుట్ట మీద పండ్లేరి అమ్ముకునే ఒక అవ్వ నా అవస్థ చూసి నవ్వేది.

"గీ చెట్టు పండు తియ్యగుంటది, గా బండ మీదిది వగరు. గీ ఆకులు నూరుడెందుకు బిడ్డా, జర నోట్లేసుకుంటె తెల్వదా?"

నెలల తరబడి నేను కుస్తీ పడితే, ఆమె వేరుచేసి చెప్పిన చెట్లు నా పలకల మీదా వేరుగానే తేలాయి. అంతే కాదు, మరెక్కడా కనబడని చారలు ఆ ఒక్క గుట్ట చెట్లలోనే ఉన్నాయి. ఆ మాట చెబితే అవ్వ మురిసిపోయి, "అయితే మా గుట్ట జోలికి ఎవ్వలు రారు గద, నువ్వు రాస్తవు గద?" అని ఒట్టు వేయించుకుంది.

మా గైడుగారు అప్పటికే ఆ గుట్ట మీద లేవబోయే భవనాలకు సలహాదారు. చదువంతా కోటుకే తప్ప బుర్రకు అంటని మనిషి. వాటి అనుమతికి కావలసిన చెట్ల నివేదిక నాకే అప్పగించి, నా కాగితాలు సరిగా చూడకుండానే, "ప్రత్యేకత ఏమీ లేదని రాసెయ్యవయ్యా. నీకు డాక్టరేటు కావాలా, చెట్లు కావాలా?" అన్నారు.

రాసేశాను.

తర్వాత బండలు పేల్చే యంత్రాలు వచ్చినప్పుడు అవ్వ వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చి, "నువ్వు రాసినవ్ గద బిడ్డా, మరి ఏందిది?" అని అడిగింది. పైవాళ్లు వినలేదని అబద్ధం చెప్పాను. ఆమె నమ్మి, పైగా నన్నే ఓదార్చి వెళ్లింది. గైడుగారిని ఎంత అసహ్యించుకున్నానో, ఆ క్షణాన నన్ను నేను అంతకు పదింతలు అసహ్యించుకున్నాను.

ఇప్పుడక్కడ అద్దాల మేడలు. గుట్టలన్నీ ఎవరో మింగేశారని మన తరం కూర్చుని నిట్టూరుస్తుంటుంది గానీ, ఒక్కో గుట్ట పోవడానికి ముందు నాలాంటి చదువుకున్నవాడొకడు నింపాదిగా సంతకం పెట్టే ఉంటాడు.