ఒంటిచేతి స్లైస్ కోసం మద్దిలపాలెం దాకా

మా ఆయన మద్దిలపాలెం దగ్గర ఒక టెన్నిస్ కోర్టులో, ఆట నేర్చుకునేవాళ్ళకు ఎదురుగా నిలబడి ఆడే పని చేసేవారు. వానాకాలంలో బండి మీంచి పడి ఎడమ మణికట్టు విరిగింది. అతుక్కుంది గాని పట్టు రాలేదు. ఎడమవైపు వచ్చే బంతిని రెండు చేతులతో కొట్టే బ్యాక్‌హ్యాండ్ ఇక కుదరదు. "ఒంటిచేత్తో స్లైస్ నేర్చుకుని రా, చూసి పనిలో పెట్టుకుంటాను" అన్నారు కోచ్ గారు. నెల రోజులు మా ఇంటి వెనక గోడ దగ్గర నేనే బంతులు విసిరాను. ఆరో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఆట తెలియదు. చూసి చూసి కొంత అర్థమైంది. భుజం ముందే పక్కకు తిప్పాలి. స్లైస్ అంటే, రాకెట్ పైనుంచి కిందికి, ముందుకు జారాలి. నరికినట్టు కొడితే బంతి గాల్లో తేలిపోతుంది.

ఐదుంపావుకి కూర్మన్నపాలెంలో బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఉచితం కనుక నేను ఆధార్ చూపించాను, ఆయన టికెట్ నలభై దాకా అయింది. మబ్బు పట్టి, గాజువాక దాటినా తెల్లవారినట్టే లేదు. గంట పైగా ప్రయాణం. కోర్టు బయట బండి దగ్గర ప్లేటు ఇడ్లీ ముప్పై. ఆయన ముట్టలేదు.

కోచ్ గారు వచ్చేలోపు కాసేపు బంతులు వేశాను. ఆయన కొట్టినవన్నీ వలకు కాస్త పైనుంచి చక్కగా జారి వెళ్ళాయి. కోర్టుకు నీళ్ళు పట్టే తాత పైపు పట్టుకుని నవ్వాడు.

"ఏటమ్మా, బంతులేత్తన్నావా, ముద్దలు పెడతన్నావా?"

సిగ్గుతో తల దించుకున్నాను.

"నవ్వులాటకి కాదమ్మా. ఇక్కడి పిల్లలు కొడితే బంతి నిన్నడిగి రాదు."

"నువ్వెయ్యే, ఆయనకేటి తెలుసు" అన్నారు మా ఆయన.

ఏడింటికి కోచ్ గారు ఒక పొడుగు అమ్మాయిని మా ఆయనకు ఎదురుగా నిలబెట్టారు. మొదటి బంతి, ఆయన భుజం తిప్పేలోపే దాటిపోయింది. రెండోది గాల్లోకి లేచింది. ఐదో బంతికి ఎడమచెయ్యి పాత అలవాటుకొద్దీ రాకెట్ మీదికి వెళ్ళింది. నొప్పికి రాకెట్ కింద పడిపోయింది.

"వేరే మనిషిని చూసుకుంటాను లేవయ్యా" అన్నారు కోచ్ గారు మెల్లగా.

తిరుగు బస్సులో ఆయన కిటికీవైపే చూస్తూ, "నువ్వు బాగానే ఏసావులే" అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. రోజూ సాయంత్రం ఆయన మణికట్టు నొక్కుకుంటుంటే చూడలేక, రాకెట్ ఎక్కడుంటే బంతి అక్కడికే వేశాను. నెలంతా ఆయన నేర్చుకున్నది నా బంతులు కొట్టడమే.

స్లైస్ నేర్చుకోవడానికి ఇటు వచ్చేవాళ్ళు తొలి బస్సు ఎక్కండి, కోర్టు ఆరింటికే తీస్తారు. బంతులు వెయ్యడానికి మాత్రం మీ నొప్పి చూడలేని మనిషిని వెంట తెచ్చుకోకండి.