గుండ అయిపోయిన తాత

ఆ రోజుల్లో, అంటే నేను నర్సింగ్ పట్టా పుచ్చుకుని గుంటూరు వైపు నుంచి పలాస వచ్చిపడ్డ కొత్తల్లో, మనిషి ఒంట్లో నాకు తెలియని అవయవం లేదని గట్టి నమ్మకం. నాలుగేళ్ళు ఇంగ్లీషులో చదివాను మరి. నొప్పి గురించి రోగిని ఏ వరసలో అడగాలో (ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలాంటిది, ఎటు పాకుతోంది) నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ప్రశ్నలన్నీ మేము కాలేజీలో ఒక ప్లాస్టిక్ బొమ్మను అడిగి నేర్చుకున్నాం. బొమ్మ ఏనాడూ ఎదురు జవాబు చెప్పలేదు కనుక నాకెప్పుడూ మంచి మార్కులే వచ్చాయి.

పలాసలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నెల రోజుల ట్రయల్ మీద చేరాను. అక్కడి ఇన్‌ఛార్జికి నేను మనసులో పెట్టుకున్న పేరు ఎర్రపెన్సిల్ సిస్టర్. టెక్కలి మనిషి. చార్టులో తప్పు కనిపిస్తే తిట్టదు, ఎర్రటి గీత ఒకటి గీసి ఊరుకుంటుంది. దానికన్నా తిట్లే నయం. నాకు అప్పటికే రెండు గీతలు పడ్డాయి. మూడోది పడితే ఐసీయూ నుంచి తీసేసి, కింద ఓపీలో బీపీలు చూసుకోవడానికి పంపేస్తానని మెత్తగా చెప్పింది. అక్కడ మా నాన్నేమో బంధువులందరికీ ఫోన్లు చేసి, మా అమ్మాయి ఐసీయూలో ఉందని గొప్పగా చెప్పేశాడు. (సగం మంది కంగారుపడి, ఏమైంది పాపం అని అడిగారట.)

ఇంకో మూడు రోజుల్లో నెల గడుస్తుందనగా వచ్చాడు తాత. ఉద్దానంలో జీడితోట ఉన్న రైతు. కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి, జ్వరం, ఆయాసంతో మా దగ్గర చేరాడు. మర్నాడు ఉదయం డ్యూటీలోకి వెళ్ళగానే, ఎలా ఉంది తాతా అని పలకరించాను.

"గుండ అయిపోనాది తల్లీ," అన్నాడు తాపీగా. "నిన్నట్నుంచి నేదు."

నా గుండె జారిపోయింది. మానిటర్ కేసి చూశాను. ఆయన గుండె కొట్టుకుంటూనే ఉంది. నొప్పిగా ఉందా అని అడిగాను. గుండకి నొప్పేటి అని ఆయన నన్ను వింతగా చూశాడు. ఎటు పాకుతోందని అడిగాను (వరస తప్పకూడదు కదా). పాకడమేటన్నాడు. పోనీ ఇదివరకు ఎలా ఉండేదంటే, మెత్తగా ఉండేదనీ, రోజుకు మూడుసార్లు వాళ్ళావిడ నీళ్ళలో కలిపి ఇచ్చేదనీ చెప్పాడు. గుండెను నీళ్ళలో కలపడం మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఐసీయూలో కొందరికి మతి చలిస్తుందని మాత్రం ఉంది. అంచేత చార్టులో "పేషెంట్ కన్ఫ్యూజ్డ్" అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆ కన్ఫ్యూజ్డ్ అన్న మాటకు అక్కడ సరిపోయిన పేరు నాదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

అయినా గుండె అన్నాడు కదా. వదిలేశాక ఏమన్నా అయితే మూడో గీత ఖాయం. ఆ భయంతోనే మిషను లాక్కొచ్చి, ఇదంతా దేనికి తల్లీ అని ఆయన మొత్తుకుంటున్నా వినకుండా ఈసీజీ తీశాను. కాగితం మీద గీతలు ఉండాల్సిన దానికన్నా ఎత్తుగా, మొనదేలి వచ్చాయి. తీసుకెళ్ళి డ్యూటీ డాక్టరుకు చూపించాను. ఆయన తాగుతున్న టీ అక్కడే పెట్టేసి పరిగెత్తాడు. తాత ఒంట్లో పొటాషియం పెరిగిపోయిందట, ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదట. ఇంజెక్షన్లు చేశారు, వెంటనే డయాలసిస్ పెట్టారు. సాయంత్రానికి తాత గట్టెక్కాడు. రక్తం రిపోర్టు రాకముందే పసిగట్టింది, ఈ పిల్లను వదులుకోకండని డాక్టరు మా సిస్టర్‌తో అన్నాడు. ఏం పసిగట్టానో నాకు మాత్రం అంతుబట్టలేదు.

మర్నాడు వాళ్ళావిడ ఊరి నుంచి వచ్చి సంచిలోంచి మందు ప్యాకెట్లు తీసింది. తాత ఒకటి చింపి నా అరచేతిలో కాస్త పోసి, "ఇదే తల్లీ గుండ," అన్నాడు.

గుండ అంటే పొడి. పొటాషియాన్ని అదుపులో ఉంచే మందు పొడి. పసుపు గుండ, కారం గుండ, కాఫీ గుండ... ఈ వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. ఆసుపత్రిలో చేరేటప్పుడు మేము నింపే కాగితంలో, ఇంట్లో ఏ మాత్రలు వాడుతున్నారని మాత్రమే ఉంది. పొడి మాత్ర కాదు కనుక వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అరచేతిలో పొడితో నేనలా నిలబడి ఉండగానే ఎర్రపెన్సిల్ సిస్టర్ వచ్చింది. ఈసీజీ తియ్యాలని నీకెలా తట్టిందే అని అడిగింది. నిజం చెబితే ఆసుపత్రంతా వారం రోజులు నవ్వుకుంటుంది, నేను ఓపీకి దిగిపోతాను. పొడి ఉన్న గుప్పిట మూసేశాను. తాత నా మొహం చూశాడు, సిస్టర్ మొహం చూశాడు. నా సంగతి ఆయనకు మొత్తం అర్థమైపోయిందని ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది.

"నాను నోరు తెరిసీసరికే కనిపెట్టీసిందమ్మా," అన్నాడు సిస్టర్‌తో. "నా మాట ఈ పాప ఇన్నాది. మీరెవులూ ఇననేదు."

సిస్టర్ మూడో గీత గియ్యలేదు. నన్ను ఐసీయూలోనే ఉంచింది. చేరిక కాగితంలో మాత్రల పక్కన పొడులు, టానిక్కులు, పసర్లు అని కూడా చేర్పించింది.

ఇప్పుడు కొత్త నర్సులకు నేనే నేర్పుతున్నాను. పిల్లల్ని బొమ్మ దగ్గర నుంచి తొందరగా రోగి మంచం దగ్గరకు పంపండని కాలేజీల వాళ్ళతో పోట్లాడుతుంటాను. కొందరు వింటారు. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా "ఏటన్నారు?" అని మళ్ళీ అడగమని పిల్లలకు చెబుతాను. (నా యాస విని ఇక్కడి పిల్లలు కిసుక్కుమంటారు.) ఈసీజీ మిషను లాక్కుంటూ పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. తాత పోయి చాన్నాళ్ళయింది. నిజానికి ఆ రోజు నేను ఆయన మాట వినలేదు, నాకు వచ్చిన మాటే విన్నాను. అది తెలిసి కూడా ఆయన, విన్నానని నా తరఫున సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని నిజం చేయడానికే నా సర్వీసంతా సరిపోతోంది.